మే నెల నీళ్ల నుంచి వెనక్కి లెక్క: ఐదెకరాల మున్సిపల్ గ్రౌండ్ కేస్ స్టడీ

మున్సిపల్ గ్రౌండ్ బాగుచేస్తారనే మాట బయటికి రాగానే ఊళ్లో వాదన మొదలవుతుంది. "లీజుకిస్తే పొద్దుగాల ఐదింటికి గేటు ఎవరు తీస్తరు సార్, టికెట్ పెడ్తరు" అని వాకర్లు. "మున్సిపాలిటీ చేతుల ఉంటే మళ్ల రెండేండ్లకు గిట్లనే అయితది అన్నా" అని క్రికెట్ ఆడే పిల్లలు. రెండు భయాలూ నిజమైనవే. అయితే మే నెలలో ఆ గ్రౌండ్ బోరు ఎంత పోస్తుందో తేలకుండా ఈ వాదనకు జవాబు దొరకదు. నీళ్లు లేని గ్రౌండ్‌ను మున్సిపాలిటీ చూసినా, ప్రైవేటు చూసినా, క్లబ్బు చూసినా మూడో ఏడు మిగిలేది మొరమే.

ఇక్కడ కేసుగా తీసుకున్నది ఒక్క ఊరి గ్రౌండ్ కాదు. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు పట్టణాల్లో మామూలుగా కనిపించే పరిస్థితులను ఒక ఐదెకరాల స్థలంలో పెట్టి వేసిన లెక్క. ఐదెకరాలంటే సుమారు 20,200 చదరపు మీటర్లు. నేల ఎర్ర చల్క. రెండేళ్ల కింద వేసిన టైల్స్ ట్రాక్ ఉంది, ఒక బోరు ఉంది, తాళం వేసిన టాయిలెట్లు ఉన్నాయి. బోరు సెకనుకు 2 లీటర్లు పోస్తుందనుకుందాం. మీ గ్రౌండ్ కొలతలు వేరైతే అంకెలు మార్చుకోండి, లెక్క వేసే వరస మాత్రం ఇదే.

పాడైంది ఎక్కడ

మొదట చూడాల్సింది ట్రాక్. చాలాచోట్ల ట్రాక్‌ను గ్రౌండ్ కంటే అరడుగు ఎత్తున కట్టి, రెండువైపులా కర్బ్ రాళ్లు పెట్టి, రాయికీ రాయికీ మధ్య సిమెంటు పూసేస్తారు. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. నిజానికి గ్రౌండ్ చుట్టూ కట్ట కట్టినట్టే. వాన వెలిసిన మూడో రోజు పల్లపు మూలకు వెళ్లి ఆ కర్బ్ రాయిని దగ్గర్నుంచి చూడండి. లోపలివైపు జానెడు ఎత్తున ఆకుపచ్చ పాచి గీత, దాని కింద తడి. బయటివైపు అదే రాయి తెల్లగా, పొడిగా ఉంటుంది. ఆ మూలలో గరిక కుళ్లి తుంగ లేస్తుంది. దీనికి ట్రాక్ పగలగొట్టక్కర్లేదు. పల్లపు వైపు ప్రతి 3 మీటర్లకు ఒక కర్బ్ రాయి తీసి, టైల్స్ కింద 110 మి.మీ. పీవీసీ పైపు అడ్డంగా వేసి, బయట ట్రాక్ పక్కన తీసిన కాలువలోకి వదలాలి. పైపు లోపలి మూతికి జాలీ పెట్టకపోతే ఒక్క సీజన్‌లో ప్లాస్టిక్ గ్లాసులతో పూడుతుంది.

రెండోది మొరం. చదును చేయాలంటే మొరం పోసి రోడ్డు రోలర్ తిప్పడం ఇంజనీరింగ్ సెక్షన్‌కు అలవాటైన పని. రోడ్డుకు అది సరైనది, గడ్డికి కాదు. రోడ్డు రోలర్ తొక్కిన నేలలో వేరు రెండంగుళాలు కూడా దిగదు. పరీక్ష సులువు: వాన పడిన మర్నాడు ఆరంగుళాల స్క్రూడ్రైవర్‌ను అరచేత్తో నొక్కండి. పిడి దాకా దిగితే నేల బాగున్నట్టు. రెండంగుళాల దగ్గర ఆగిపోతే అక్కడ ఎంత గడ్డి నాటినా వేసవి దాటదు. 20 మీటర్లకొకటి చొప్పున చేసి ఆగిన చోట్లన్నీ స్కెచ్‌లో గుర్తుపెట్టాలి. ఎస్టిమేట్ రాయకముందు చేయాల్సిన ఈ సర్వేకు సగం పూట చాలు.

మూడోది చెరువు మట్టి. పొలాలకు బలమిచ్చింది కాబట్టి గ్రౌండ్‌కూ మంచిదేనని చల్క మీద నాలుగంగుళాల ఒండ్రు పరిచేస్తారు. పైన జిగట, కింద దుబ్బ. ఈ రెండు పొరలు కలవవు. వానకు పైపొర బురదవుతుంది, మార్చికల్లా బీటలు తీస్తుంది, ఆ బీటల్లో ఫీల్డర్ కాలు మడత పడుతుంది. ఒండ్రు వాడొచ్చు, కానీ మొత్తంలో నాలుగో వంతుకు మించకుండా, రోటవేటర్‌తో ఆరంగుళాల లోతు కలిపి.

నీళ్ల లెక్క

ఐదెకరాల్లో నాలుగెకరాలు, అంటే 16,000 చ.మీ., పచ్చగా ఉంచాలని ఎస్టిమేట్‌లో రాస్తారు. మన వైపు నిండు వేసవిలో గరిక పచ్చగా ఉండాలంటే రోజుకు సుమారు 4 మి.మీ. నీరు కావాలి. చదరపు మీటరుకు ఒక మి.మీ. అంటే ఒక లీటరు. కాబట్టి 16,000 × 4 = 64,000 లీటర్లు, రోజూ. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే పదమూడు. మున్సిపాలిటీల్లో మిషన్ భగీరథ లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. ఆ లెక్కన 474 మంది తాగి, వాడుకునే నీళ్లను గ్రౌండ్ ఒక్కటే తాగుతుంది. మేలో ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడ్డ వీధి పక్కన గ్రౌండ్ తడపడాన్ని ఏ కౌన్సిలరూ సమర్థించలేరు, సమర్థించకూడదు కూడా. ఇక బోరు సంగతి. సెకనుకు 2 లీటర్ల మీద 64,000 లీటర్లు రావాలంటే తొమ్మిది గంటలు ఆగకుండా నడవాలి. ఎండాకాలంలో మన బోర్లు అలా నడవవు, నడిపితే వచ్చే ఏడాదికి ఎండుతాయి.

ఇక్కడ గోల్ఫ్ కోర్సుల పద్ధతి పనికొస్తుంది. గోల్ఫ్ కోర్సులో అంతటా ఒకేలా నీళ్లు పెట్టరు. గుంత ఉండే గ్రీన్‌కు ఎక్కువ, ఆట సాగే ఫెయిర్‌వేకు తక్కువ, అంచుల్లో ఉండే రఫ్‌ను దాదాపు వానకే వదిలేస్తారు. మన గ్రౌండ్‌నూ అలాగే విడదీయాలి. పిచ్ చుట్టూ 30 గజాల సర్కిల్ సుమారు 3,500 చ.మీ. దీనికి పూర్తి నీళ్లు: రోజుకు 14,000 లీటర్లు. మిగతా 12,500 చ.మీ.కు మార్చి నుంచి జూన్ దాకా ప్రాణం నిలిపేంత నీళ్లే, 15 రోజులకొకసారి 15 మి.మీ. సగటున రోజుకు 12,500 లీటర్లు. మొత్తం 26,500. బోరు మూడు గంటల నలభై నిమిషాలు నడిస్తే చాలు. అవుట్‌ఫీల్డ్ ఏప్రిల్ నాటికి గోధుమ రంగుకు తిరుగుతుంది. అది చావు కాదు, నిద్ర. గరిక వేరు, కణుపు నేలలో బతికే ఉంటాయి, తొలకరికి పది రోజుల్లో తిరిగి లేస్తాయి. ఈ మాట తీర్మానంలోనే రాసి పెట్టాలి. లేకపోతే మేలో ఎవరో ఫొటో తీసి "లక్షలు పోసినా గడ్డి ఎండింది" అని పెడతారు, మర్నాడు కమిషనర్ ట్యాంకర్లు పంపిస్తారు.

బోరు నీళ్లను నేరుగా స్ప్రింక్లర్లకు ఇవ్వొద్దు. ఒత్తిడి నిలవదు. 30,000 లీటర్ల సంపు, 3 హెచ్‌పీ మోనోబ్లాక్ పంపు (మోటారు, పంపు కలిసే ఉండేది), ఒక స్క్రీన్ ఫిల్టర్, బౌండరీ బయట చుట్టూ 63 మి.మీ. పైపు, దానికి వాల్వ్ పెట్టెలు. స్ప్రింక్లర్లు నేలలో పాతే పాప్-అప్ రకం వద్దు. టెంపో చక్రం ఎక్కితే మూతి విరుగుతుంది, విరిగినదానికి స్పేర్ జిల్లా కేంద్రంలో దొరకదు. స్టాండు మీద పెట్టి జరుపుకునే నాలుగు ఇంపాక్ట్ స్ప్రింక్లర్లు చాలు. ఒక్కోటి సెకనుకు అర లీటరు పోస్తూ 12 మీటర్ల దూరంలో ఉంటే గంటకు 12.5 మి.మీ. పడుతుంది. సర్కిల్‌కు ఆరు షిఫ్టులు. రోజూ 20 నిమిషాలు పెట్టేకన్నా మూడు రోజులకొకసారి గంట పెట్టడం మేలు, నీరు లోతుకు దిగితేనే వేరు లోతుకు దిగుతుంది.

నీటి పరీక్ష మానొద్దు. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ నీళ్లలో సాధారణంగా సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. ఫ్లోరైడ్ వల్ల గరికకు పెద్ద నష్టం లేదు. నష్టమంతా సోడియంతో. అది నేలపై పెచ్చు కట్టించి నీటిని దిగనివ్వదు. ల్యాబ్ రిపోర్టులో ఆర్‌ఎస్‌సీ (నీటిలో మిగిలే సోడియం కార్బొనేట్) అంకె చూడండి: 1.25 లోపు నిశ్చింత, 2.5 దాటితే జిప్సం వేయకుండా ఆ నీరు పెట్టకూడదు. ఇంకో ముఖ్యమైన పని: గేటు దగ్గర బోరు నల్లా ఉంటే "తాగరాదు" అని ఎర్ర అక్షరాలతో రాసి, పక్కనే భగీరథ నల్లా విడిగా పెట్టాలి. ఆడి దాహమేసిన పిల్లలు బోర్డు లేకపోతే దగ్గరున్న నల్లాకే నోరు పెడతారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ జిల్లాలో ఆ అంకె దాటిన బోర్లు ఏం చేశాయో మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన కాళ్లు చెబుతాయి.

వాలు, మట్టి, నాటు

పిచ్ నుంచి బౌండరీకి ఒక శాతం వాలు చాలు: 60 మీటర్లకు 60 సెంటీమీటర్లు. కంటితో చూసి డోజర్ తిప్పితే మధ్యలో పళ్లేలు మిగులుతాయి. 10 మీటర్ల గళ్లలో డంపీ లెవెల్‌తో (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) చూసి మేకులు కొట్టాకే జేసీబీని పిలవాలి. గంటలో 50 మి.మీ. వాన పడితే ఐదెకరాల మీద పది లక్షల లీటర్లు పడ్డట్టే. అదంతా రోడ్డు మీదికి వదిలేస్తున్నాం. అందులో ఇంకినంత ఇంకి మిగిలింది బోరు దగ్గరి ఇంకుడు గుంత దాకా వెళ్లేలా కాలువ తీయాలి. గుంతకు ముందు పూడిక ఆగే చిన్న తొట్టి ఉండాలి, జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి దాన్ని ఎత్తిపోయాలి.

బయటినుంచి మట్టి తెప్పించే ఎస్టిమేట్లను అనుమానంగా చూడండి. 16,000 చ.మీ.కు ఆరంగుళాలు పోయాలంటే 2,400 ఘనపు మీటర్లు, పది ఘనపు మీటర్ల టిప్పర్లు 240. ఉన్న చల్కనే దున్ని, రాళ్లేరి, ఎకరాకు 10 టన్నుల చివికిన పశువుల ఎరువు కలిపితే అదే పని అవుతుంది. గట్టిపడిన చోట్ల మాత్రం రోటవేటర్ కంటే ముందు ఒకసారి గట్టి నేలను లోతుగా చీల్చే ఉలి నాగలి తిప్పాలి. ఎరువు చివకకపోతే దాంతో పాటు తుంగ, వయ్యారిభామ, పల్లేరు వస్తాయి. అందుకే దున్నాక వెంటనే నాటకూడదు. తడిపి, కలుపు మొలిచాక పైపైన గీకి, మళ్లీ తడిపి, మళ్లీ గీకాలి. రెండుసార్లు. తుంగ గడ్డల్ని మాత్రం తవ్వి తీయాల్సిందే. ఈ మూడు వారాలు బిల్లులో కనిపించవు కాబట్టి కాంట్రాక్టర్ వదిలేస్తాడు, ఆ తర్వాత ఐదేళ్లు కూలీలు కలుపు తీస్తూనే ఉంటారు.

గడ్డి ఏది? గరిక జాతే. కార్పెట్‌లా చుట్టి తెచ్చే లాన్ గడ్డి ఫొటోకు బాగుంటుంది, మన ఎండకు, చెప్పులకు ఆగదు. గరిక కణుపుల్ని 15 సెం.మీ. ఎడంగా చేత్తో నాటితే చదరపు మీటరుకు 44, మొత్తం ఏడు లక్షల కణుపులు. జూన్ చివర, జూలై మొదటివారం అదును. నాటినచోట 90 రోజులు ఎవరూ తొక్కకూడదు. అసలు గొడవ ఇక్కడే. 90 రోజులంటే దసరా వస్తుంది, బతుకమ్మ వస్తుంది, పిల్లలకు ఆడుకునే చోటు లేదు. అందుకని మొత్తం ఒకేసారి నాటడాన్ని మేం ఒప్పుకోం. ఈ ఏడు తూర్పు సగం, వచ్చే ఏడు పడమర సగం. పని రెండేళ్లవుతుంది, గ్రౌండ్ ఒక్కరోజూ పూర్తిగా మూయాల్సిన పని లేదు. మూసిన గ్రౌండ్‌కు గోడ దూకుతారు, దూకేవాళ్లను ఆపే వాచ్‌మన్ ఇంకా పుట్టలేదు.

చక్రాలు, గడ్డపారలు

సభలు, ఎగ్జిబిషన్, రావణ దహనం, బతుకమ్మ లేకుండా ఊరి గ్రౌండ్ ఉండదు, ఉండాలనడం అన్యాయం. మనుషుల కాళ్లతో గరికకు పెద్ద నష్టం లేదు. వెయ్యిమంది ఆడబిడ్డలు ఒక సాయంత్రం పొడి నేల మీద బతుకమ్మ ఆడితే వారంలో గడ్డి తేరుకుంటుంది. చంపేవి రెండు: తడినేల మీద తిరిగే లారీ చక్రం, షామియానా గుంజకు తవ్వే గడ్డపార. కాబట్టి మిగిలిన ఎకరంలో ట్రాక్, పార్కింగ్, టాయిలెట్లు పోగా 2,500 చ.మీ. మొరం యార్డు వదలాలి. స్టేజీ, స్టాళ్లు, దహనం అన్నీ అక్కడే. గుంజలు దిగడానికి ముందే సిమెంటు గొట్టాలు పాతి మూతలు పెడితే టెంట్ హౌస్ వాళ్లకు తవ్వే పని ఉండదు.

అయినా గడ్డిలో గుంత పడితే మరమ్మతు ఇలా. ముందు అయస్కాంతం కట్టిన కర్రతో చుట్టూ మూడు అడుగులు తుడవాలి. మేకులు, టార్పాలిన్ పిన్నులు, బ్లేడు ముక్కలు తగులుతాయి, ఒక్క మేకు గడ్డి మిషన్ బ్లేడును పోగొడుతుంది, ఒక్క పిన్ను పిల్లాడి పాదాన్ని. తర్వాత గుంతలో వదులు మట్టి, కాగితాలు పూర్తిగా తీసేసి, అదే నేల మట్టిని రెండు విడతలుగా పోసి, ప్రతి విడతా కాలితో తొక్కి, తడపాలి. పైన ఒక అంగుళం ఎత్తు ఉంచాలి, అది పది రోజుల్లో కుంగుతుంది. అరచేతంత గరిక గడ్డలు నాలుగు పెట్టి, 21 రోజులు తాడు కట్టాలి. మొత్తం ఇరవై నిమిషాల పని. చేయకపోతే మొదటి వానకు మట్టి కుంగి చీలమండ పట్టేంత గోతి మిగులుతుంది. ఈవెంట్ డిపాజిట్‌ను ఈ గుంతలు లెక్కపెట్టాకే తిరిగివ్వాలి.

కోత, మనుషులు

అవుట్‌ఫీల్డ్ కోత ఎత్తు 25 మి.మీ. ఒక్కసారికి గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కోయకూడదు. వానాకాలంలో వారానికి రెండుసార్లు, చలిలో పది రోజులకు, వేసవిలో సర్కిల్ వరకే. తోసుకెళ్లే 21 అంగుళాల మిషన్‌తో 16,000 చ.మీ. కోయడానికి పన్నెండు గంటలు పైనే పడుతుంది, అంటే వానాకాలంలో ఒక మనిషి వారంలో నాలుగు రోజులు కోతకే పోతాడు. 42 అంగుళాల ఎక్కి నడిపే మిషన్ ఐతే మూడున్నర గంటలు. కొనేటప్పుడే రెండు బెల్టులు, రెండు సెట్ల బ్లేడ్లు, ఒక ఎయిర్ ఫిల్టర్ అదే ఆర్డర్‌లో పెట్టండి. షెడ్డులో పడున్న మిషన్లలో ఎక్కువ ఇంజిన్ పోయినవి కావు. బెల్టు తెగితే కొత్తది కొనడానికి ఏ పద్దు కింద రాయాలో తేలక ఆగినవే.

యూరియా చదరపు మీటరుకు 5 గ్రాముల నత్రజని చొప్పున, ఒక్కో విడతకు 45 కిలోల బస్తాలు నాలుగు. జూన్ చివర, ఆగస్టు, సెప్టెంబర్. తడినేల మీదే చల్లాలి, చల్లాక నీరు పెట్టాలి, యూరియా ఆకు మీద నిలిస్తే గడ్డి మాడుతుంది. మనుషులు: గ్రౌండ్ పనికి నలుగురు, కాపలాకు ఇద్దరు, టాయిలెట్లకు విడిగా ఒకరు. ఆ ఒక్కరు లేకపోతే టాయిలెట్‌కు తాళం పడుతుంది, తాళం పడిన రోజు నుంచి ఆడవాళ్లు నడకకు రావడం తగ్గుతుంది. కాపలావాళ్లను మాత్రం కోతకు పంపొద్దు.

నిర్వహణ ఎవరిది

శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి హార్డింగ్ పార్క్ అనే మున్సిపల్ గోల్ఫ్ కోర్సు ఉంది, 1925లో తెరిచింది. పట్టించుకోక పాడైపోయి, 1998లో పక్కనే ఉన్న ఒలింపిక్ క్లబ్‌లో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ జరిగినప్పుడు దాన్ని కార్ల పార్కింగ్‌గా వాడారు. మన గ్రౌండ్‌లో సభకొచ్చిన బస్సులు నిలిపినట్టే. 2003లో బాగుచేసి మళ్లీ తెరిచారు, 2020లో పీజీఏ చాంపియన్‌షిప్ అనే పెద్ద గోల్ఫ్ టోర్నీ అక్కడే జరిగింది. పెద్ద టోర్నీలు వచ్చాక కూడా నగరవాసులకు తక్కువ రేటు అనే నియమం ఉంచారు. లీజు చర్చలో మనకు పనికొచ్చేది ఆ నియమమే: ఎవరు నడిపినా ఊరివాళ్ల హక్కు కాగితం మీద ముందే ఉండాలి.

మా సిఫారసు ఇది. స్థలం, గేటు తాళం, వేళలు మున్సిపాలిటీ చేతిలో ఉండాలి. కోత, నీళ్లు, మరమ్మతు పని కాంట్రాక్టుకివ్వొచ్చు, కానీ గ్రౌండ్ మీద వచ్చే ఆదాయం కాంట్రాక్టర్‌కు ఇవ్వొద్దు. ఆదాయం చేతికిస్తే వాకర్లకు గేటు ఆలస్యంగా తెరుచుకుంటుంది, టోర్నీలకు త్వరగా తెరుచుకుంటుంది. పొద్దున 5 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 7 అందరికీ ఉచితం. మిగతా వేళల్లో టోర్నీ స్లాట్లకు రుసుము, ఆ డబ్బు గ్రౌండ్ ఖాతాలోనే. స్లాట్ల పట్టిక, బోరు నడిచిన గంటలు, కోసిన తేదీలు గేటు దగ్గర బోర్డు మీద వారం వారం రాయాలి. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉంటాయి. బోర్డు సరిచూసే పని వాళ్లకివ్వడానికి కొత్త కమిటీ అక్కర్లేదు.

బిల్లు విషయంలో పట్టుబట్టాలి. ఇప్పటి పద్ధతిలో గడ్డి నాటిన రోజే ఎంబీలో (ఇంజనీర్లు పని కొలతలు రాసే పుస్తకం) చదరపు మీటర్లు ఎక్కి బిల్లు పాసవుతుంది. అది బతికిందా లేదా ఎవరూ అడగరు. మున్సిపాలిటీ నాటే మొక్కల్లో 85 శాతం బతకాలని అదే చట్టంలో ఉంది. గడ్డికి ఆ షరతు మనమే టెండర్‌లో రాసుకోవాలి: నాటాక 40 శాతం, 90 రోజులకు నిండుగా కమ్ముకుంటే 30 శాతం, ఒక వేసవి దాటి తొలకరి పడ్డాక చివరి 30 శాతం.

ఆ చివరి కొలత జూలై మొదటివారంలో. తీగతో అర మీటరు చదరపు చట్రం చేసి, దారం కట్టి 25 గళ్లు చేయాలి. గ్రౌండ్ మీద 20 మీటర్లకొక బిందువు చొప్పున 40 చోట్ల దాన్ని పెట్టి, బతికిన గరిక ఉన్న గళ్లు లెక్కపెట్టాలి. ఎంచుకుని పెట్టకూడదు, టేపు ఎక్కడికొస్తే అక్కడే. మొత్తం వెయ్యి గళ్లలో 850 వస్తే బిల్లు, తగ్గితే తగ్గినంత చోట మళ్లీ నాటు. మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్), కాంట్రాక్టర్, ఒక వాకర్, ఆడే పిల్లల్లో ఒకరు కలిసి నడిస్తే రెండు గంటల్లో అయిపోతుంది. వచ్చిన అంకెను అదే రోజు గేటు బోర్డు మీద రాయాలి.